వంద మాలాక్‌లకి తొమ్మిది ఫ్రీలు

ఒక ప్రోగ్రాము వందసార్లు మెమరీ తీసుకుని తొమ్మిదిసార్లే తిరిగిస్తోందనుకోండి. కోడ్ రివ్యూలో ఎవడైనా దాన్ని తెచ్చి "ఫ్రీ చేస్తూనే ఉన్నాగా!" అంటే ఏం చేస్తాం? వాయించేస్తాం. అదే మాట ప్లాస్టిక్ గురించి చెబితే మాత్రం బుద్ధిగా తలూపి, రంగు డబ్బాల పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగుతాం.

తొమ్మిది అన్నది నా సొంత లెక్క కాదండీ. 2017లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. 2015 దాకా ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తయిపోయింది. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం డంపుల్లోనో, కాలవల్లోనో, సముద్రంలోనో ఉంది. రీసైకిల్ అయినదాంట్లో కూడా రెండోసారి ఆ భాగ్యం దక్కింది పదోవంతుకే.

జనానికి బుద్ధి లేక ఇలా అయిందంటారు. కాదు. నీళ్ళ సీసాకి పాత సామాన్లవాడి దగ్గర రేటుంది, అందుకే చెత్త ఏరుకునేవాళ్ళు దాన్ని వదలరు. చిప్సు ప్యాకెట్టు సంగతి వేరు. రకరకాల ప్లాస్టిక్ పొరలు, మధ్యలో అల్యూమినియం పూత, అన్నీ కలిపి అతికించేస్తారు. వాటిని విడదీసే ఖర్చు కంటే కొత్త ప్లాస్టిక్కే చవక. మీరు కడిగి, ఆరబెట్టి, నీలం డబ్బాలో వేసినా దాన్ని కొనేవాడు లేడు. అడుగున బాణాల త్రికోణంలో ఉండే అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందంతే, రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. సీసాల్ని టీషర్టు చేశామంటారా? ఆ టీషర్టు మళ్ళీ సీసా అవడం దాదాపు లేదు. చెత్తకి వెళ్ళే తేదీ వాయిదా పడింది, అంతే.

"మరి మొక్కజొన్న ప్లాస్టిక్ ఉందిగా?" అనేవాళ్ళు తయారు. దాని పేరు పీఎల్ఏ. అది కుళ్ళాలంటే 60 డిగ్రీల దాకా వేడి, తేమ, గాలి, కొన్ని వారాల టైము కావాలి. మన రెంటచింతల రోహిణీ ఎండ కూడా చాలదు, దానికి ప్రత్యేకంగా కంపోస్టు ప్లాంటు ఉండాలి. మీ ఆఫీసు కప్పులు అలాంటి ప్లాంటుకే వెళ్తున్నాయా? ఒక్కసారి కనుక్కోండి. మామూలు సీసాల్లో కలిస్తే ఆ సీసాల రీసైక్లింగునీ అదే చెడగొడుతుంది. ఇంగ్లండులోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు "బయోడీగ్రేడబుల్" అని రాసున్న సంచిని మట్టిలోను, సముద్రంలోను మూడేళ్ళు ఉంచారు. తీశాక చూస్తే అది ఇంకా సరుకులు మోస్తోంది! ఆ ఫలితాలు 2019లో వచ్చాయి.

ఇంతలో మాలాక్ వైపు ఏం జరిగింది? ఓఈసీడీ లెక్క ప్రకారం ప్లాస్టిక్ ఉత్పత్తి 2000లో సుమారు 23 కోట్ల టన్నులుంటే 2019కి 46 కోట్లయింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి స్ట్రాలు, స్పూన్లు నిషేధించారు, మంచిదే. చిప్సు ప్యాకెట్టు, షాంపూ సాచెట్టు మాత్రం ఆ జాబితాలో లేవు. 2025 ఆగస్టులో జెనీవాలో ప్రపంచ ప్లాస్టిక్ ఒప్పందం చర్చలు తేలకుండానే ముగిశాయి. పెద్ద పేచీ ఇదే: ఉత్పత్తి తగ్గించాలని చాలా దేశాలు, చెత్త సంగతి మాత్రమే మాట్లాడుకుందామని చమురు దేశాలు. రీసైక్లింగ్ మీద వాళ్ళకంత ప్రేమ ఎందుకో వేరే చెప్పాలా?

రీసైక్లింగ్ ఆపేయమనడం లేదు. సెలైన్ సీసాలు, సిరంజిలు మానేయమని అంతకన్నా అనడం లేదు. కానీ ప్లాస్టిక్ చెత్తలో దాదాపు 40 శాతం ప్యాకింగే, ముందు అక్కడ కొయ్యాలి. జర్మనీ 2003లో వాడి పారేసే సీసాల మీద డిపాజిట్ పెట్టింది, ఇప్పుడది 25 సెంట్లు. సీసాల్లో 95 శాతం పైగా వెనక్కి వస్తున్నాయి. మనకిదేం కొత్త? ఖాళీ కూల్‌డ్రింకు సీసా ఇస్తేనే కొత్తది చేతికిచ్చిన కొట్లు మనకి తెలీనివా?

ఈసారి ఆఫీసులో గ్రీన్ టీం వాళ్ళు ఇంకో రంగు డబ్బా పెడదామంటే, క్యాంటీన్ కాంట్రాక్టులో స్టీలు గ్లాసులు, స్టీలు ప్లేట్లు ఎందుకు రాయలేదని అడగండి. కడిగే మనిషికి జీతం ఖర్చంటారు. పారేసినదాన్ని ఎత్తేవాడి ఖర్చు ఎవరు కడుతున్నారో కూడా అప్పుడే అడగండి.