ఆలస్యంగా వచ్చిన మార్కులు

బడి పిల్లలకు మార్కులెలాగో పరిశోధకులకు సైటేషన్లు అలాగ! ఒకరు రాసిన పరిశోధన పత్రాన్ని తర్వాత ఎందరు తమ పత్రాల్లో ప్రస్తావించారన్నదే ఆ లెక్క. ఉద్యోగం, పదోన్నతి, నిధులు... చాలాచోట్ల ఈ అంకెను చూశాకే ఇస్తారు. మరి మంచి పరిశోధన చేసినా మార్కులు వెంటనే పడకపోతే? ఆ బాధేమిటో కలకత్తా డాక్టర్ శంభునాథ్ డే జీవితం చెబుతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో 1915లో పుట్టారు డే. కలకత్తాలో వైద్యం చదివి, లండన్‌లో పీహెచ్‌డీ చేసి, 1949లో తిరిగొచ్చారు. అప్పట్లో అక్కడ కలరా అంటే హడల్. పొద్దున బాగున్న మనిషి రాత్రికి ఉండేవాడు కాదు. కలరాకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో అదే కలకత్తాలో గుర్తించారు. కానీ ఆ జీవి మనిషినెలా చంపుతోంది? అది ఏదో విషాన్ని వదులుతోందని కాక్ అనుమానించారు. రుజువు మాత్రం దొరకలేదు.

డే దగ్గర పెద్ద పెద్ద పరికరాలేం లేవు. ఉన్నవాటితోనే తేలికైన మార్గం ఆలోచించారు. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా దారంతో కట్టేసి, అందులోకి కలరా క్రిముల్ని ఎక్కించారు. మర్నాటికి ఆ భాగమంతా నీటితో ఉబ్బిపోయింది. 1953లో ఈ పద్ధతిని ప్రకటించారు. తర్వాత ఇంకో అడుగు వేశారు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడపోసి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి ఎక్కించారు. అప్పుడూ పేగు నీటితో నిండిపోయింది. అంటే ప్రాణం తీసేది క్రిమి వదిలే విషమేనన్నమాట! 1959 మేలో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి వచ్చింది. డెబ్బై అయిదేళ్ల ప్రశ్నకు అది జవాబు.

అయినా మొదట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ విషాన్ని శుద్ధి చేయాలని డే చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. 1969లో అమెరికాలో రిచర్డ్ ఫింకెల్‌స్టీన్ బృందం ఆ పని చేసింది. కలరా విషంమీద పరిశోధనలు ఊపందుకున్నాకగానీ డే పత్రం విలువ లోకానికి తెలిసిరాలేదు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. 1978లో నోబెల్ సంస్థ స్వీడన్‌లో కలరామీద ఏర్పాటు చేసిన సదస్సుకు ఆయన్ను ఆహ్వానించింది. అరవైల మొదట్లోనే చనిపోయిన తనను మీరు మళ్లీ తవ్వి తీశారంటూ అక్కడ డే అన్న మాటల్లో నవ్వుతోపాటు నొప్పీ ఉంది.

ఆయన 1985లో కన్నుమూశారు. బతికుండగా మనదేశంలో పెద్ద పురస్కారమేదీ దక్కలేదు, ఏ సైన్స్ అకాడమీ సభ్యుడిగా ఎన్నుకోలేదు. మరుసటి ఏడాది యూజీన్ గార్‌ఫీల్డ్ డే పరిశోధనల ప్రభావంమీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు. శాస్త్రలోకానికి సైటేషన్ల లెక్క నేర్పింది ఆ గార్‌ఫీల్డే! డేను నోబెల్‌కు ప్రతిపాదించానని నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ కూడా తర్వాత వెల్లడించారు.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ‘హెచ్-ఇండెక్స్’ అనే కొత్త కొలత తెచ్చారు. ఒకరు నలభై పత్రాలు రాసి, ఒక్కోదాన్నీ నలభైమంది ప్రస్తావిస్తే ఆయన హెచ్-ఇండెక్స్ 40. ఇంకొకరు ఒకే ఒక్క పత్రం రాసి, దాన్ని వెయ్యిమంది ప్రస్తావించినా ఆయనది 1! మందిలో ఎవరు చురుగ్గా రాస్తున్నారో చెప్పడానికి ఆ అంకె పనికొస్తుంది. డే లాంటివాళ్లను పట్టుకోవాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ పత్రాన్ని తెరిచి చదవాల్సిందే.

రేపు మన ఇంటి పిల్లలే పరిశోధనలకు వెళ్లొచ్చు. మొదటి రెండు మూడేళ్లలో అంకె పెరగలేదని వాళ్లు డీలాపడితే, కుందేలు పేగుకు దారం కట్టిన ఈ కలకత్తా డాక్టర్ గురించి చెప్పండి. వాళ్లను ఎంపిక చేసే కుర్చీలో మీరే ఉంటే... అంకె చూసి ఆగకుండా పత్రం కూడా చదవండి!