గణాలకు లెక్కల పీరియడ్‌లోనూ చోటివ్వాలి

గరివిడి బడిలోనైనా, చీపురుపల్లి బడిలోనైనా గణవిభజన తెలుగు పీరియడ్‌తోనే సరి. లెక్కల మాస్టారు రాగానే లఘువులూ గురువులూ సంచిలోకి వెళ్ళిపోతాయి. ఇది నష్టమని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

లఘువుకు 0, గురువుకు 1 వేయండి. అక్షరానికి రెండేసి అవకాశాలు గనుక మూడక్షరాల గణాలు 2×2×2, అంటే ఎనిమిది. ఇప్పుడొక నిషేధం పెడదాం: గురువు పక్కన గురువు ఉండరాదు. మ, య, త గణాలు పోతాయి. న, భ, జ, స, ర అనే అయిదు మిగులుతాయి. మరి నాలుగక్షరాలకు? చివర లఘువుంటే ముందరి మూడక్షరాలు 5 విధాలు. చివర గురువుంటే దానిముందు లఘువే రావాలి. మిగిలిన రెండక్షరాలు 3 విధాలు. మొత్తం 8. ఇలా 2, 3, 5, 8, 13 అని సాగే వరుసను మన ఛందశ్శాస్త్రజ్ఞులు విరహాంకుడు, 12వ శతాబ్దిలో హేమచంద్రుడు మాత్రలు లెక్కిస్తూ చెప్పారు. 1202లో గ్రంథం రాసిన ఇటలీ వాడు ఫిబొనాచీ పేరే లోకంలో నిలిచింది, అది వేరే సంగతి!

ఇక మూడు గణాలను ఒకదాని కింద ఒకటి రాయండి. తొమ్మిది గళ్ళు. గురువుకు పక్కనే కాదు, పైనా కిందా కూడా గురువు ఉండరాదు. మూలగా ఉంటే ఫరవాలేదు. నిషేధం లేకుంటే 512 విధాలు. ఉంటే?

మధ్య వరుసను పట్టుకోండి. అక్కడ న గణముంటే పైన అయిదింటిలో ఏదైనా, కింద ఏదైనా: 25. జ గణముంటే పైన న, భ, స, ర లలో ఒకటి, కిందా అంతే: 16. భ కు మూడేసి, 9. స కూ 9. ర కు న, జ మాత్రమే: 4. కూడితే 63.

రెండు గళ్ళ చదరానికి ఈ లెక్క 7. 7 అంటే 8లో ఒకటి తక్కువ. 63 అంటే 64లో ఒకటి తక్కువ. "అయితే తరువాతది 511!" అని చురుకైన పిల్లలు కేక వేస్తారు. కాదు, 1234. అయిదు గళ్ళ చదరానికి 55,447. రెండు సంఖ్యలు చూసి సూత్రం కట్టే అలవాటును ఈ లెక్క మాన్పినట్లు ఏ ఉపన్యాసమూ మాన్పదు.

దీనివల్ల ప్రయోజనమేమంటారా? ఫెర్రో మాంగనీసు కొలుములతో పేరు పొందిన గరివిడి పిల్లలకు చెప్పాలా! లోహపు స్ఫటికంలో పరమాణువులు గళ్ళలో పెట్టినట్లే అమరి ఉంటాయి. ఒక తలం మీద పక్కపక్క చోట్లలో ఇమడలేని కణాలు ఎన్ని విధాల కూర్చోగలవన్నది భౌతిక శాస్త్రజ్ఞుల ప్రశ్న. అది మన గురువుల లెక్కే. త్రిభుజాలుగా అమరిన చోట్లకు 1980లో బాక్స్‌టర్ కచ్చితమైన జవాబు కనుగొన్నాడు. చదరపు గళ్ళకు మాత్రం, గడులు పెరిగేకొద్దీ ఒక్కో గడి మొత్తాన్ని సుమారు 1.50304808 రెట్లు చేస్తుందని తెలుసు గాని, ఆ సంఖ్యకు సూత్రం ఇంతవరకు దొరకలేదు.

తొమ్మిదో తరగతి గణాల పట్టిక నుంచి ఇంతదూరం నాలుగడుగులే. కంప్యూటరుకు అప్పగిస్తే క్షణంలో తేల్చేస్తుంది, నిజమే. కాని మధ్య వరుసను పట్టుకోవాలన్న ఉపాయం మీకు చిక్కదు. మన మూడు గణాల కింద నాలుగోదాన్ని చేర్చి చేతితోనే లెక్కించండి. 227 రావాలి.