ఐదు నిదర్శనములు చాలునా?

2ను వర్గము చేసినచో 4 వచ్చును. 4ను వర్గము చేసినచో 16. ఆపైన 256, 65536. ఈ ఐదింటికిని ఒక్కొక్కటి కలిపినచో 3, 5, 17, 257, 65537 అను సంఖ్యలు ఏర్పడును. ఇవి యన్నియు ప్రధానసంఖ్యలే. ఒకటి చేతను, తమచేతను దప్ప వేరొక సంఖ్యచే నిశ్శేషముగా భాగింపబడవు.

ఈ విధముగా ఎంతదూరము పోయినను ప్రధానసంఖ్యలే వచ్చునని 1640లో ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా తలచెను. ఆయన తూలూజ్ నగర న్యాయస్థానమున ఉద్యోగి. గణితము ఆయనకు తీరికవేళల వ్యాసంగము. తన తలపునకు ఉపపత్తి లేదని ఆయనయే లేఖలో ఒప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినది. అయినను ఆ మాట సుమారు తొంబది ఏండ్లు ఖండింపబడక నిలిచెను.

ఆరవ సంఖ్య 4294967297. అనగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దీని వర్గమూలము 65536కు రవంత ఎక్కువ. కావున ఇది ప్రధానసంఖ్య యగునో కాదో తేల్చుటకు అంతవరకు గల 6542 ప్రధానసంఖ్యలచే భాగించి చూడవలసి యుండును. అంత ఓపిక ఎవరికి గలదు?

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఈ విషయమును సెంట్ పీటర్స్‌బర్గులోని ఆయిలర్‌కు లేఖ మూలమున తెలిపెను. 1732లో ఆయిలర్ ఈ సంఖ్య 641చే నిశ్శేషముగా భాగింపబడునని ప్రకటించెను. ఈ సంఖ్యకు భాజకమగు ప్రధానసంఖ్య ఏదైనను 64చే భాగించినప్పుడు 1 శేషముగా నుండవలెనని ఆయన తరువాత నిరూపించెను. అట్టి ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఆరువేల భాగహారములు చేయవలసినచోట ఐదవదానితోనే పని ముగియును! లబ్ధము 6700417. దానిని 600చే గుణించినచో 4020250200, 40చే 268016680, 1చే 6700417. ఈ మూడింటిని ప్రతి విద్యార్థియు ఒకసారి స్వయముగా కూడి చూచుకొనుట మంచిది. ఎంతటి గొప్పవాని మాటనైనను పలకమీద పరీక్షింపవచ్చునని అప్పుడు తెలియును.

పాఠశాలలలో ఒక సూత్రమును రెండు మూడు లెక్కలయందు సరిచూచి, సరిపోయినది గనుక నిజమేయని విడిచిపెట్టు అలవాటు కలదు. సూత్రము బోధపడుటకు అది ఉపకరించును. నిరూపణ మాత్రము కానేరదు. ఫెర్మా వంటివాడే అట్లు తలచినప్పుడు బాలురను తప్పుపట్టనేల యని కొందరు అనవచ్చును. ఫెర్మా తన తలపును తలపుగానే చెప్పెను; బాలుడు దానిని సిద్ధాంతమని వ్రాసి మార్కులడుగుచున్నాడు. భేదమంతయు అచ్చటనే యున్నది.

ఫెర్మా పరిశ్రమ వ్యర్థమైనదని మాత్రము అనరాదు. 1796లో గౌస్ అను యువకుడు తన పందొమ్మిదవ ఏట, ఆ ఐదింటిలోని 17కు సంబంధించి, పదునేడు సమభుజములు గల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో నిర్మింపవచ్చునని కనుగొనెను. గ్రీకుల కాలమునుండి ఎవరికిని తోచని సంగతి యిది.

ఆరవ సంఖ్య మొదలుకొని ఇంతవరకు పరీక్షకు లొంగిన సంఖ్యలలో ప్రధానసంఖ్య ఒక్కటియు లేదు. ఇకముందును రాదని ఇప్పుడు పెక్కుమంది గణితవేత్తలు తలచుచున్నారు. ఈ తలపునకును ఉపపత్తి ఇంకను దొరకలేదు.