దారి తప్పిన సందేశం

పుదుచ్చేరిలో లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ అధికారులకై ఏర్పరచిన వాట్సాప్ బృందంలోకి 2016 చివర ఒక ఉన్నతాధికారి ఫోను నుంచి అశ్లీల దృశ్యాలు వచ్చిపడ్డాయి. ఆయన సస్పెండయ్యారు. తెలిసి పంపారా, పొరపాటా అన్నది అలా ఉండగా, అసలు రగడ తర్వాతనే ఆరంభమైంది. అధికార సమాచారం విదేశీ సర్వర్లకు చేరుతున్నదంటూ నారాయణస్వామి ప్రభుత్వం 2017 జనవరిలో ప్రభుత్వ వ్యవహారాలలో సామాజిక మాధ్యమాల వాడుకను నిషేధించింది. రోజుల వ్యవధిలోనే బేడీ ఆ ఉత్తర్వును రద్దు చేశారు.

పార్లమెంటును ఏళ్ల తరబడి గమనిస్తున్న నాకు ఇందులో అశ్లీలతకంటె అధికార వివాదమే ముఖ్యమనిపిస్తున్నది. ఫోను వల్ల పని వేగంగా సాగుతుందన్న వాదన కాదనలేనిది. కాని మంత్రివర్గాన్ని దాటి ఆదేశం నేరుగా అధికారికి చేరితే శాసనసభకు జవాబు చెప్పేదెవరు? ఫైలుకు సంతకమూ, తేదీ ఉంటాయి. ఫోనులోని సందేశం చెరిపితే చెరిగిపోతుంది.

2021 ఫిబ్రవరిలో బేడీని తొలగించారు. వారం తిరగకముందే నారాయణస్వామి ప్రభుత్వమూ పడిపోయింది. ప్రశ్న మాత్రం మిగిలింది. తనపై అమలయ్యే ఆజ్ఞ ఎవరిదో తెలుసుకునే హక్కు లాస్‌పేట ఓటరుకూ ఉంది, యానాంలోని తెలుగువారికీ ఉంది.