ఉప్పు డబ్బాలో సముద్రం

కరీంనగర్‌కు, ఆదిలాబాద్‌కు సముద్రం ఎక్కడ? మానేరు, ప్రాణహిత, గోదావరి... ఉన్నవన్నీ నదులే. అయినా ఇక్కడ ప్రతి ఇంట్లోనూ సముద్రం రెండు పూటలా కంచంలోకి వస్తూనే ఉంది, ఉప్పు రూపంలో!

ఆ ఉప్పుతోపాటు మనకు అందాల్సింది ఇంకొకటుంది. అదే అయోడిన్. 1811లో ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్డ్ కుర్త్వా దాన్ని కనిపెట్టింది సముద్రపు నాచు కాల్చిన బూడిదలోనే. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథికి అది ముడిసరుకు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాములు కావాలి. జీవితకాలానికి లెక్కేసినా ఒక టీ చెంచాడు దాటదు.

అంత కొంచెమూ దొరకదా అంటారా? కొండ నేలల్లోని అయోడిన్ వానలకు కొట్టుకుపోయి, వాగులు పట్టుకుని చివరికి సముద్రంలో కలుస్తుంది. ఆ నేలలో పండిన జొన్నలో, కందిలో అది తక్కువే. సముద్రపు చేపల్లో ఉంటుంది కానీ, మన అంగట్లో ఎక్కువగా దొరికేవి చెరువుల్లో పెరిగిన రవ్వ, బొచ్చెలే. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో ఒకప్పుడు మెడవాపు (గాయిటర్) కనిపించడానికి ఇదో కారణం. వాపు కంటికి కనిపించే నష్టం. కనిపించనిది అంతకంటే పెద్దది. గర్భిణికి అయోడిన్ బాగా తగ్గితే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తర్వాత ఎన్ని మందులు వాడినా ఆ లోటు పూర్తిగా తీరదు.

అందుకే కేంద్రం 1962లో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిబంధన 2006 మే 17 నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది. మన చేతికొచ్చే కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.

'సముద్రపు ఉప్పే కదా, విడిగా కలపడమెందుకు?' అని అడుగుతుంటారు. ఉప్పు గడ్డకట్టేటప్పుడు అందులో మిగిలే అయోడిన్ నామమాత్రమే. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు కూడా అంతే. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన అయోడిన్ ఉన్నట్టు కాదు.

ఇంట్లో ఈ జాగ్రత్తలు పాటించండి.

* ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూసి కొనండి.
* దొడ్డుప్పును కడిగి ఎండబెట్టొద్దు. కలిపిన అయోడిన్ నీళ్లపాలవుతుంది.
* ఉప్పును మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. కూర దించే ముందు వేస్తే మరీ మంచిది.
* అయోడిన్ కోసమని ఉప్పు పెంచొద్దు. అన్నిటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా మించకూడదు.
* సముద్రపు నాచు మాత్రలు సొంతంగా మింగొద్దు. అయోడిన్ అతిగా అందినా థైరాయిడ్‌కు చేటే. ఇప్పటికే థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే వాడాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే ఇవాళే ఓసారి ఉప్పు ప్యాకెట్ తిరగేసి చూడండి. పుట్టబోయే బిడ్డకు మీరిచ్చే తొలి కానుక అదే కావచ్చు!