వంటయింటి ముచ్చటలు: రెండవ డికాక్షను ఎవరి పాలు?

సోదరీమణులారా! కడచిన నెల మజ్జిగను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ నెల కాఫీని గూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాను. కాఫీ కాచుట యెఱుగని యిల్లాలు మనలో నుండునా యని మీరు నవ్వవచ్చును. నేనును బదునైదేండ్లుగా కాచుచున్నదాననే. అయినను రెండు సంగతులను మిక్కిలి యాలస్యముగా దెలిసికొంటిని. ఒకటి కాఫీని దించు విధము. రెండవది దానిని త్రాగు వేళ. ఈ రెండవదానిని దెలియకపోవుటచేత నాకు జరిగిన కీడు మఱియొకరికి జరుగరాదనియే వ్రాయుచున్నాను.

మొదట దించు విధము. మన వైద్యగ్రంథములు కషాయములను స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని యయిదు విధములుగా జెప్పినవి. నీటిలో వేసి మరగించి యిగిర్చినది క్వాథము. వేడినీటిలో చూర్ణమును గొంతసేపుంచి వడగట్టినది ఫాంటము. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద నీ భేదమును వల్లించితినే గాని, అది నా ఫిల్టరులోనే యున్నదని నాకు తోచలేదు. మన ఫిల్టరు కాఫీ ఫాంటమే గాని క్వాథము గాదు. కావుననే పొడిని నీటితో గలిపి తెర్లించినను, దిగిన డికాక్షనును మరల పొయ్యిమీద నెక్కించినను, పరిమళము పోయి చేదు మిగులును.

ముగ్గురికి మూడు నిండు పెద్ద చెంచాల పొడి, అనగా సుమారు 20 గ్రాములు, 150 మిల్లీలీటర్ల నీరు చాలును. పై గిన్నెలో పొడి వేసి బిళ్ళతో మెల్లగా నదుముడు. గట్టిగా నదిమిన చుక్క దిగదు. వదులుగా నున్న నీరు జారిపోయి డికాక్షను పలుచనగును. నీరు తెర్లిన పిమ్మట దించి, అరనిమిష మాగి, చుట్టు తిరుగునట్లు పోసి మూతపెట్టుడు. పావుగంటనుండి యిరువది నిమిషములు దాని జోలికి పోకుడు. అప్పుడే కాగిన పాలలో నా డికాక్షనును గలిపినచో వేడి దానంతట నదియే కుదురును.

పొడి సంగతియు గొంత యెఱుగవలెను. చికోరీ యనునది కాఫీగింజ గాదు. ఒక మొక్క వేరును వేపి పొడిచేసినది. అది నలుపును, చిక్కదనమును ఇచ్చును గాని దానిలో కెఫీను లేదు. చట్టము ననుసరించి కాఫీచికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదు. ఏది యెంత కలిపిరో పొట్లముమీద అచ్చువేయవలెను. విడిపొడి కొనువారు చన్నీటి గ్లాసులో చిటికెడు చల్లి చూడుడు. కాఫీపొడి కొంతసేపు తేలియుండును; చికోరీ గోధుమరంగు చారలు విడుచుచు వెంటనే మునుగును. గింజలలో రొబస్టాకు అరబికాకంటె కెఫీను దాదాపు రెట్టింపు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకులోయ కాఫీ అరబికా జాతిదే.

ఇక రెండవ సంగతి. మా యింట మొదటి డికాక్షను అత్తగారికి, మా వారికి, వచ్చిన బంధువులకు. పిదప నా పిప్పిమీదనే మరల నీరు పోసి, దిగినదానిలో మిగిలిన పాలు కలిపి నేను త్రాగుట వాడుక. అట్లు చేయుమని నాకెవ్వరును జెప్పలేదు. మా అమ్మయు నట్లే చేసెడిది. పిల్లలును, మా వారును బడికి వెడలువఱకు తీరిక యుండదు గనుక ఆ కాఫీయే నా ఫలహారము. పదునొకండు గంటలకు మఱియొక గ్లాసు, భోజనము కాగానే వేఱొకటి. ఆకలి చచ్చుచుండగా దానినే యోపిక యనుకొంటిని.

కడచిన యేడు మెట్లెక్కినచో నాయాసము, వంగి లేచినచో కన్నులు తిరుగుట మొదలయ్యెను. వైద్యురాలు పరీక్ష చేయింపగా, 12 గ్రాములకు తగ్గరాని హిమోగ్లోబిను నాకు 8 మాత్రమే యున్నది. ఆమె ఐరను మాత్ర లిచ్చెను. రెండు నెలలు వేసికొన్నను గుణము స్వల్పము.

“ఈ మాత్రను దేనితో మ్రింగుచున్నారమ్మా?” యని యామె యడిగెను.

“పొద్దుటి కాఫీతోనండి” యంటిని. ఆమె నుదురు కొట్టుకొనెను.

కాఫీలోని వగరు పదార్థములు మనము తిను పప్పులు, ఆకుకూరలు, ధాన్యములలోని యినుమును గడుపులోనే పట్టుకొని యొంటికి పట్టనీయవట. మాత్రలకును ఇదే గతి. కాఫీ భోజనమునకు గంట ముందు త్రాగిన నీ బాధ లేదు. భోజనముతో గాని, అయిన గంటలోపల గాని త్రాగిన నష్టము. కావున తిన్న పిమ్మట రెండుగంటలైన నాగవలెను. పప్పులో నిమ్మరసము పిండికొన్నను, ఉసిరిక తిన్నను ఇనుము చక్కగా నొంటబట్టును. గర్భిణులు దినమునకు కెఫీను 200 మిల్లీగ్రాములు మించనీయరాదు. చిక్కని కాఫీ యైనచో రెండు చిన్న గ్లాసులతో నా లెక్క నిండవచ్చును. రక్తహీనతకు కాఫీ యొక్కటే కారణము గాదు. చాలీచాలని తిండి మొదటి కారణము. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలెను.

ఇంటికి వచ్చి యీ మాట జెప్పితిని. మా వారు మాటలాడలేదు. అత్తగారు మాత్రము కొంతసే పూరకుండి, “అమ్మాయీ, నేను ముప్పదియేండ్లు రెండవదే త్రాగితిని. మొదటిదాని రుచి నీవు కాపురమునకు వచ్చిన తరువాతనే యెఱుగుదును. రేపటినుండి నీ పేర నొక చెంచా హెచ్చు వేయుము” అనిరి.

ఇప్పుడు మా యింట పిప్పి నేరుగా పూలమొక్కల పాదులోనికి పోవుచున్నది. నేను ముందు రెండిడ్డెనలు తిని, పది గంటలు దాటిన పిదప నా వంతు మొదటి డికాక్షనును ద్రాగుచున్నాను. తక్కిన రెండు గ్లాసులు మానితిని గనుక పొడి ఖర్చును బెరుగలేదు. మొన్న హిమోగ్లోబిను 11 దాటినది.

సోదరీమణులారా! రేపు ఫిల్టరులో పొడి వేయునపుడు ఇంటనున్న తలలను లెక్కించుడు. ఆ లెక్కలో మీ తలను మఱవకుడు.