అమ్మకు అరవై

తెలుగు ఇళ్ళలో షష్టిపూర్తి అనగానే అది ఎవరి వయస్సు లెక్కయో అడగనక్కరలేదు. ఇంటి యజమానికి అరవై నిండిన రోజున దంపతులిద్దరూ పీటల మీద కూర్చుంటారు. కలశోదకంతో స్నానం, మరల మాంగల్యధారణ, పెద్దల ఆశీస్సులు, భోజనాలు అన్నీ యథావిధిగా జరుగుతాయి. ఇల్లాలికి ఆనాటికి ఏ యాభైనాలుగో, యాభైయారో ఉంటాయి. ఆమెకు అరవై నిండే రోజు మరి నాలుగు నుంచి ఆరేళ్ళకు వస్తుంది. ఆ ఉదయం ఆమె ఎప్పటివలెనే లేచి డికాక్షన్ వేస్తూ ఉంటుంది. పిల్లలలో ఎవరికైనా గుర్తుంటే ఉన్నట్లు, లేకపోతే లేదు. భర్త ముందుగానే గతించిన ఇంట పీటల ప్రసక్తే రాదు.

అరవై అనే సంఖ్యకు మాత్రం స్త్రీ పురుష భేదం లేదు. ప్రభవ మొదలు అక్షయ వరకు గల సంవత్సరాల చక్రం ఒకసారి తిరిగి, పుట్టిననాటి సంవత్సరమే మళ్ళీ రావడం దాని విశేషం. బృహస్పతి రాశిచక్రాన్ని చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్ళు, శనికి సుమారు 30 ఏళ్ళు పడతాయి. ఇద్దరూ పుట్టిననాటి తావులకు దరిదాపుగా కలిసి చేరేది అరవయ్యో ఏటనే. 1966 ఉగాది తరువాత పరాభవ నామ సంవత్సరంలో పుట్టినవారికి 2026 ఉగాదితో అదే పరాభవ తిరిగి వస్తుంది. జపానులోనూ ఇటువంటి అరవై ఏళ్ళ చక్రమే ఉంది. అరవై నిండినవారు మళ్ళీ పసిబిడ్డలైనట్లు భావించి, ఎర్రని టోపీ, చేతులు లేని ఎర్రని కోటు తొడుగుతారు. ఆ వేడుకను కన్‌రెకి అంటారు. అక్కడ తల్లి అరవై తల్లిదే, తండ్రి అరవై తండ్రిదే.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. నేడది 70 దాటింది. స్త్రీల విషయంలో మరికొంత ఎక్కువ. కాబట్టి అమ్మకు అరవై వస్తే ఇంటనే ఒక పూట వేడుక చేయాలని పిల్లలు తలపెట్టడం ముచ్చటైన విషయమే. చిక్కు ఎక్కడంటే, ఇంట్లో వేడుక అనే మాట వినగానే ఆమె చేయి తనంతట తానే పోపుల పెట్టె వైపు పోతుంది.

ముందుగా చెప్పకుండా చేసి ఆశ్చర్యపరచాలనే సరదా ఈ మధ్య ఎక్కువయింది. ఇరవై ఏళ్ళవారికి అది బాగానే ఉంటుంది. నలిగిన చీరతో, జడ కూడా వేసుకోకుండా ఉన్న సమయంలో ముప్పైమంది గుమ్మంలోకి వస్తే, ఆ తల్లికి మొదట కలిగేది సంతోషం కాదు, ఇంట్లో పాలు చాలినన్ని ఉన్నాయా అనే కంగారు. రక్తపోటు ఉన్నవారి విషయం వేరే చెప్పనక్కరలేదు. నెల రోజులు ముందుగా ఆమెకు చెప్పి, ఆమెను అడిగి చేయడమే మేలు.

తేదీ దగ్గరనే మొదటి ప్రశ్న వస్తుంది. ఆ తరం వారిలో చాలామందికి బడిలో చేర్చిన రోజున అయ్యవారు వ్రాసుకున్న తేదీయే పుట్టినరోజు అయింది. అసలు తిథి ఏదో, అది ఏ పండుగకు ముందో వెనుకో, ఆమెకో ఆమె అక్కగారికో జ్ఞాపకం ఉంటుంది. పంచాంగం చూసి తిథిని తేల్చుకోవచ్చు. లేదా అందరికీ సెలవు దొరికే ఆదివారం పెట్టుకున్నా దోషం లేదు.

అన్నిటికంటె శ్రద్ధగా చూడవలసింది పిలుపుల పట్టిక. పిల్లలు వ్రాస్తే అందులో వారి స్నేహితులు, ఆఫీసువారు, వియ్యాలవారు ఉంటారు. తండ్రి వ్రాస్తే ఆయన తరఫు బంధువులు. ఆమెనే కూర్చోబెట్టి అడిగితే ఇంతవరకు ఆ ఇంట ఎవరూ వినని పేర్లు బయటికి వస్తాయి. ఎనిమిదో తరగతిలో పక్కన కూర్చున్న అమ్మాయి, మొదటి కాపురంలో అద్దె ఇంటి పక్క వాటావారు, కానుపు సమయంలో రాత్రంతా తోడున్న పొరుగామె. పెళ్ళితో ఊరు మారి, ఇంటిపేరు మారి, బదిలీలతో చిరునామాలు మారి, ఒకరి కొకరు కనబడకుండా పోయినవారు వీరు. వీరిని వెతకడం ఫోను ఉన్న పిల్లలకు నాలుగు సాయంత్రాల పని. ఒక్కరు దొరికినా చాలు, మిగిలిన ఏర్పాట్లలో లోపాలను ఆమె గమనించనే గమనించదు.

అమ్మకు భర్త లేని ఇళ్ళలో మరొక సంగతి ముందే తేల్చుకోవాలి. ఆమెకు బొట్టు పెట్టవచ్చునా, పూలు ఇవ్వవచ్చునా అని ఎవరో ఒక పెద్దావిడ నలుగురిలో గుసగుసలాడుతుంది. ఆ మాట ఆనాడు ఆమె చెవిని పడకూడదు. ఆమెకు ఏది ఇష్టమో కూతురో కోడలో ఏకాంతంలో అడిగి, వచ్చిన ప్రతివారికీ ఒకే పళ్ళెంలో కుంకుమ, పూలు, అక్షతలు ఉంచి, ముందుగా ఇంటివారే ఆమె తలపై అక్షతలు వేస్తే ఇతరులు మాట్లాడడానికి తావుండదు.

వంట బయటివారికి అప్పగించడం మంచిది. ముప్పైమందికి పులిహోర, అన్నం కలిపి నాలుగు కిలోల బియ్యం, పాయసానికి మూడు నాలుగు లీటర్ల పాలు సరిపోతాయి. ఒక వంటమనిషి, ఒక సహాయకురాలు ఉంటే తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటలకు ముగించగలరు. అంత ఖర్చు వద్దనుకుంటే కొడుకులు, అల్లుళ్ళు గరిటె పట్టుకోవచ్చు. ఉప్పు ఎక్కువైతే నవ్వుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ఏ విధంగానైనా ఆమె వంటగదిలోకి వెళ్ళకుండా ఒక మనుమరాలిని కాపలా పెట్టాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఉంటారు గనుక పన్నెండున్నరకల్లా విస్తళ్ళు వేయాలి. మోకాళ్ళ నొప్పులవారికి నేలమీద బంతి కష్టం. బల్లలు, కుర్చీలు అద్దెకు తెప్పించాలి.

కేకు మీద కొవ్వొత్తులు ఊదడమా, దీపం వెలిగించడమా అన్న వాదం ప్రతి ఇంటా ఉన్నదే. మనుమలకు కేకు, ఆమెకు దీపం అంటే తగవు తీరిపోతుంది.

ఆమె కోసం తెచ్చే చీర ఆమెనే వెంట తీసుకుపోయి కొనాలి. ఇన్నేళ్ళుగా అందరి చీరలూ ఆమె ఎంచింది, ఆమెవి ఎవరో ఎంచారు.

భోజనాలయిన తరువాత, వచ్చినవారు వెళ్ళకముందే అందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీయించాలి. మరునాడు, అద్దె కుర్చీలు పంపివేసి ఇల్లు సర్దుకున్నాక, దానిని కాగితం మీద అచ్చు వేయించి, వెనుక వరుసవారీగా పేర్లు వ్రాయాలి. కలం కొడుకు పట్టుకుంటే ఆమె చెబుతుంది. కొన్ని పేర్ల దగ్గర ఆగి, వారెవరో, ఏ ఊరిలో ఏ ఇంట ఉండేవారో కూడా చెబుతుంది. అందుకు ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉంచుకోవాలి.